వలసల అధ్యయనం, వలస విధానం: ఈ రంగంలో శిక్షణ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మానేరుతీరం

అందరికీ నమస్కారం.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా ప్రాంతపు బతుకును మూడు మాటల్లో చెబుతారు. మా తాత బొంబాయి మిల్లుల్లో, మా నాన్న మస్కట్‌లో పనిచేసినవారే కాబట్టి, వలస అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదని చాలాకాలం అనుకున్నాను. సమాజశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, రెండేళ్లుగా జగిత్యాల జిల్లాలో గల్ఫ్ వలస కుటుంబాలకు సాయపడే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నాను. జీతం బకాయిలు, యజమాని దగ్గర ఉండిపోయిన పాస్‌పోర్టులు, జైలు కేసులు, మృతదేహాలను ఊరికి రప్పించడం వంటి పనుల మీద జనం మా దగ్గరకు వస్తారు. విదేశాల్లోని భారతీయుల ఫిర్యాదుల కోసం కేంద్రం నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదులు నమోదు చేయడం, రాయబార కార్యాలయాలకు ఉత్తరాలు రాయడం నా బాధ్యత.

గత ఏడాది సౌదీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక కార్మికుడి భార్య మా దగ్గరకు వచ్చారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయలు వస్తాయని ఎవరో చెప్పారట. నేనూ అదే నమ్మకంతో కాగితాలన్నీ సిద్ధం చేశాను. తీరా చూస్తే, ఆయన పదో తరగతి పాసైనందువల్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర, అంటే పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ అవసరమని తెలిపే గుర్తు, లేదు. ముద్ర లేనందువల్ల వలస అనుమతి అవసరం పడలేదు. ఆ అనుమతితో ముడిపడి ఉన్న బీమా ఆయన పేరున ఎన్నడూ మొదలే కాలేదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆమె ఆరు వారాలపాటు మా కార్యాలయం చుట్టూ తిరిగారు. ఆ ఆరు వారాలకు కారణం నా అజ్ఞానమే.

అప్పటి నుంచి ఈ రంగాన్ని పద్ధతిగా చదవాలన్న ఆలోచన బలపడింది. వలస అధ్యయనాల్లో ప్రత్యేకంగా పట్టా తీసుకోవడం అవసరమా, లేక పని చేసుకుంటూనే నేర్చుకోగలిగిన దారి ఉందా? మన దేశంలో దీన్ని ఎక్కడ బాగా చెబుతారు? మరొకటి: మా సంస్థలోని ఆరుగురు వలంటీర్లకు, మండలంలోని పంచాయతీ కార్యదర్శులకు కూడా ఏదైనా శిక్షణ ఏర్పాటు చేయాలని ఉంది. వారికి ఏమి నేర్పాలో అనుభవజ్ఞులు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: లెక్కలపంతులు

మానేరుతీరం గారికి,

నేను జనాభా గణాంకాలు బోధిస్తాను. ‘వలస అధ్యయనాలు’ అన్న పేరు పట్టా మీద ఉండి తీరాలన్న నియమం లేదు, కానీ ఆర్థికశాస్త్రం, జనాభాశాస్త్రం, న్యాయశాస్త్రం, సమాజశాస్త్రం వంటి మూలశాస్త్రాల్లో ఏదో ఒకదాని మీద గట్టి పట్టు లేకుండా ఈ రంగంలోకి వచ్చినవారు సమావేశాల్లో వినిపించే మాటలను తిరిగి చెప్పగలరు తప్ప, ఒక ప్రభుత్వ ఉత్తర్వును గానీ ఒక సర్వే పట్టికను గానీ విప్పి చూపలేరు. మీకు సమాజశాస్త్రం ఉంది కనుక మీరు కొత్తగా చేర్చుకోవలసినవి గణాంకాలు, చట్టం అని నా అభిప్రాయం.

చదువుకునే చోట్ల గురించి అడిగారు. ముంబయి దేవ్‌నార్‌లో 1956లో మొదలైన అంతర్జాతీయ జనాభా విజ్ఞాన సంస్థ, అంటే ఐఐపీఎస్, జనాభా అధ్యయనాల్లో స్నాతకోత్తర విద్యకు మన దేశంలో ప్రధాన కేంద్రం. వలసను కొలిచే పద్ధతులు అక్కడ శ్రద్ధగా నేర్పుతారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1996లో ఏర్పడిన ప్రవాస భారతీయ అధ్యయన కేంద్రం, విదేశాల్లో స్థిరపడిన భారతీయ సమాజాల చరిత్ర, సంస్కృతి తెలుసుకోవాలనుకునేవారికి మంచి చోటు. తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. కె.సి. జకరయ్యా, ఎస్. ఇరుదయ రాజన్ గార్లు అక్కడ 1998లో కేరళ వలస సర్వే మొదలుపెట్టారు. దాదాపు ఐదేళ్లకు ఒకసారి, ఇల్లిల్లూ తిరిగి, ఎవరు వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, ఎంత పంపారు, ఎవరు తిరిగి వచ్చారు అని అడుగుతూ 2023 దాకా ఆ సర్వే కొనసాగింది. గల్ఫ్ నుంచి జనం తిరిగి వస్తున్నారన్న వార్త వచ్చినప్పుడల్లా కేరళలో అంకెలతో చర్చ జరగడానికి కారణం ఆ సర్వేయే. అంతే ముఖ్యమైన ఫలితం మరొకటి ఉంది: ఆ సర్వేల్లో ఇల్లిల్లూ తిరిగిన యువ పరిశోధకులకు అదే పాఠశాల అయింది. పాతికేళ్లు ఎడతెగకుండా నడిచిన అటువంటి సర్వే మన రెండు తెలుగు రాష్ట్రాలకూ లేదు, ఆ లోటు మన శిక్షణలోనూ కనిపిస్తుంది.

ఇక మీ ఉత్తరంలోని ఆ కార్మికుడి విషయం. ఆయన బీమాలోనే కాదు, లెక్కలోనూ లేడు. గల్ఫ్‌కు ఏ రాష్ట్రం నుంచి ఎంతమంది కార్మికులు వెళ్లారన్న ప్రశ్నకు పార్లమెంటులో ఏటా చెప్పే జవాబు చాలావరకు వలస అనుమతుల సంఖ్య. ఆ అనుమతి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉండి, నిర్దేశిత దేశాలకు ఉద్యోగ వీసా మీద వెళ్లేవారికే అవసరం. పదో తరగతి పాసైనవారు, విజిట్ వీసా మీద వెళ్లి అక్కడే పనిలో చేరినవారు అందులోకి రారు. పల్లెల్లో చదువు పెరిగేకొద్దీ, వెళ్లేవారు తగ్గకపోయినా ఆ అంకె తగ్గవచ్చు. ఈ సంగతి తెలియని విశ్లేషకుడు వలస తగ్గిందని వ్యాసం రాస్తాడు, దాన్ని చదివిన అధికారి నిధులు తగ్గిస్తాడు.

అంతర్గత వలస లెక్కలు ఇంకా చిక్కుగా ఉంటాయి. 2011 జనగణన ప్రకారం దేశంలో వలసదారులు 45 కోట్లకు పైగా ఉన్నారని అందరూ ఉటంకిస్తారు. చివరిసారి నివసించిన చోటు మారిన ప్రతి ఒక్కరూ ఆ సంఖ్యలో ఉన్నారు, వారిలో పెళ్లి వల్ల ఊరు మారిన స్త్రీలే అధికం. పనికోసం కొద్ది నెలలు వెళ్లి వచ్చేవారిని పట్టుకోవడానికి జాతీయ నమూనా సర్వే 2007-08లో వేరే నిర్వచనం వాడింది: గత 365 రోజుల్లో పనికోసం నెల రోజులకు తక్కువ కాకుండా, ఆరు నెలలకు లోపుగా ఊరు విడిచి ఉన్నవారు. మిరపకాయలు కోయడానికి ఇరవై రోజులు వెళ్లి వచ్చిన కుటుంబం, ఇటుక బట్టీలో ఏడు నెలలు ఉండి వచ్చిన కుటుంబం ఈ నిర్వచనానికి అటొకటి, ఇటొకటి జారిపోతాయి. 2016-17 ఆర్థిక సర్వే రైల్వే టికెట్ల సమాచారం ఆధారంగా రాష్ట్రాల మధ్య ఏటా దాదాపు 90 లక్షల మంది పనికోసం కదులుతున్నారని అంచనా వేసింది. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. దేన్ని అడిగితే దానికి వచ్చిన జవాబులు అవి.

నా తరగతిలో నేను తప్పక చెప్పే ఉదాహరణ మన దగ్గరిదే. 2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో జరిగింది. ఆ రోజు ఇంట్లో లేకపోతే పేరు పోతుందన్న భయంతో ముంబయి, భివండి, సూరత్‌ల నుంచి జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసి సొంతూళ్లకు వచ్చారు. వలసలో ఉన్నవారు ఆ ఒక్కరోజు వలసలో లేకుండా పోయారు. కొలవబోయేదాన్ని కొలత ఎలా మార్చేస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

జవాబు: తుంగభద్ర

నేను కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఉపాధ్యాయురాలిని. మా దగ్గర వలస అనరు, సుగ్గికి పోవడం అంటారు. గుంటూరు వైపు పత్తి, మిరప పనులు మొదలయ్యాక తరగతి గది సగానికి ఖాళీ అవుతుంది. హాజరుపట్టీలో ‘గైర్హాజరు’ అని పడే ఆ పిల్లలు నిజానికి మరో జిల్లాలో, చేను పక్కన వేసిన గుడారంలో ఉంటారు. పిల్లలు ఊళ్లో నిలవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, కానీ అవి కుటుంబాలు బయలుదేరడానికి ముందే తెరుచుకుంటే తప్ప ప్రయోజనం లేదు. బయలుదేరే వారం ఏదో కచ్చితంగా తెలిసినవారు ఆ ఊరి ఉపాధ్యాయులు, మేస్త్రీలు మాత్రమే.

శిక్షణ గురించిన చర్చల్లో మా పేరు ఎప్పుడూ రాదు కనుక రాస్తున్నాను. పంచాయతీ కార్యదర్శులకు నేర్పేటప్పుడు ఆ ఊరి బడిని కూడా పిలవండి. ఎవరి పిల్లవాడు ఏ నెలలో బడి మానాడన్నది పదేళ్ల హాజరుపట్టీల్లో చెక్కుచెదరకుండా ఉంది; దాన్ని వలస లెక్కగా చదవడం మాకు ఎవరూ నేర్పలేదు.

జవాబు: పాతఫైలు

కార్మిక శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. ఉద్యోగులకు, వృత్తి నిపుణులకు ఇచ్చే శిక్షణ గురించి నాకు తెలిసినంత చెబుతాను.

పెద్దపల్లి, రంగారెడ్డి, సంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బొలంగీర్, నువాపడా వైపు నుంచి ఏటా కుటుంబాలు వస్తాయి. భార్య, భర్త, ఒక బిడ్డ కలిసి ఒక జట్టుగా, ఊరి సర్దారు, అంటే కూలీలను పోగుచేసే మధ్యవర్తి, దగ్గర ముందే అడ్వాన్స్ తీసుకుని వస్తారు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కార్మికుడికీ ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వవలసి ఉండేది, నెల జీతంలో సగం లేదా 75 రూపాయలు, ఏది ఎక్కువైతే అది స్థానచలన భత్యంగా చెల్లించవలసి ఉండేది. నేను తనిఖీ చేసిన బట్టీల్లో అటువంటి పాస్‌బుక్ ఒక్కటైనా చూడలేదు. రిజిస్టరు ఉన్నచోట కూడా అందులో భర్త పేరు ఒక్కటే ఉండేది. మట్టి పిసికి ఇటుక తీసేది ఇద్దరైనా కాగితం మీద కార్మికుడు ఒక్కడే, కాబట్టి భార్యకు కనీస వేతనం ఎంత రావాలన్న ప్రశ్న ఫైలులో పుట్టేదే కాదు. నేను కూడా మొదటి కొన్నేళ్లు ఆ రిజిస్టరు చూసి సంతకం పెట్టినవాడినే. అప్పటికి నాకు వచ్చిన శిక్షణ, చట్టంలోని సెక్షన్ల సంఖ్యలు చదివి వినిపించిన రెండు గంటల ఉపన్యాసం.

కళ్లు తెరిపించినది మరొక సందర్భం. ఒక ఏడాది రెవెన్యూ, పోలీసు, విద్య, కార్మిక శాఖల వాళ్లం, ఒడియా తెలిసిన ఒక మహిళా కార్యకర్త కలిసి మూడు రోజులు బట్టీల్లో తిరిగాం. కార్మికుల మాటలను మేస్త్రీ అనువదించడం మానేసి ఆమె అనువదించడం మొదలుపెట్టాక, అంతకుముందు ‘ఏ ఇబ్బందీ లేదు’ అన్న నోళ్ల నుంచే అడ్వాన్స్ తీరేదాకా ఊరికి వెళ్లనివ్వడం లేదన్న మాట వచ్చింది. అప్పు చూపి మనిషిని పనిలో కట్టిపడేయడం 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందకు వస్తుందని, విముక్తి పత్రం ఇవ్వవలసిన అధికారం మాతో వచ్చిన రెవెన్యూ అధికారిదేనని ఆ రోజు అక్కడే నిలబడి చదువుకున్నాం. అందువల్ల మీరు కార్యదర్శులకు ఇచ్చే శిక్షణలో కనీసం ఒక రోజు హాలు బయట, కార్మికులున్న చోట గడపాలని నా సలహా.

చట్టం మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ 1979 చట్టాన్ని 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్‌లో కలిపివేశారు. పాత చట్టం ఐదుగురు కార్మికులున్న చోట వర్తించేది, కొత్తదానిలో ఆ హద్దు పదికి పెరిగింది. కాంట్రాక్టరు ద్వారా కాకుండా సొంతంగా వచ్చినవారిని కూడా వలస కార్మికులుగా గుర్తించడం మంచి మార్పు, స్థానచలన భత్యం ఎగిరిపోవడం నష్టం. పాత నోట్సుతో నేర్పేవారు ఈ మూడింటినీ తప్పుగా చెబుతారు.

విదేశీ వలస వైపు కూడా ఒక మాట. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద నిర్దేశిత దేశాలకు ఇంటి పనికి వెళ్లే స్త్రీలకు 30 ఏళ్లు నిండి ఉండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని నిబంధన ఉంది. ఉద్దేశం రక్షణే. కానీ కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లదలచిన చిన్న వయసు స్త్రీలు ఆ నిబంధన వల్ల ఆగిపోకుండా విజిట్ వీసా దారి పట్టినప్పుడు, వారికి ఏ రికార్డూ ఉండదు. విధానం నేర్పడం అంటే ఉత్తర్వు చదవడంతోపాటు, ఆ ఉత్తర్వు జారీ అయిన మర్నాడు ఏజెంటు ఏమి చేస్తాడో ఊహించడం నేర్పడం. అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఇటలీలోని ట్యూరిన్‌లో ఉన్న శిక్షణ కేంద్రం న్యాయమైన నియామకాల మీద పాఠ్యక్రమాలు నడుపుతుంది. 2018లో మరాకేష్‌లో ఆమోదించిన అంతర్జాతీయ వలస ఒడంబడికలోని 23 లక్ష్యాల్లో ఆరోది కూడా దీనికి సంబంధించినదే. రెండూ చదవదగినవి, అయితే వాటిని చదివేముందు మీ మండలంలోని ఏజెంటు పని తీరును అర్థం చేసుకోండి.

జవాబు: అకామా

నేను పద్నాలుగేళ్లు సౌదీలో పనిచేసి వచ్చాను. ఇప్పుడు మా జిల్లాలో గల్ఫ్‌కు వెళ్లబోయే యువకులతో మాట్లాడుతుంటాను. పెద్ద చదువు లేదు కనుక క్లుప్తంగా రాస్తాను.

ప్రయాణానికి ముందు ఇచ్చే ఒక రోజు అవగాహన శిక్షణను కేంద్రం 2018లో మొదలుపెట్టింది, అది మంచిదే. కానీ ఆ తరగతిలో కూర్చునే సమయానికి కుర్రవాడు ఏజెంటుకు డబ్బు కట్టేసి ఉంటాడు. నియామక రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదని అప్పుడు చెబితే అతనికి మిగిలేది బాధే. ఆ మాట ఊళ్లో, పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టే రోజునే చెప్పాలి. మీ వలంటీర్లకు మొదట నేర్పవలసిన పని అదే.

రెండోది, మాటలు తెలుసుకోండి. మా వాళ్లు ‘ఆజాద్ వీసా’ అంటే, కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, పేరున వీసా తీసుకుని వేరేచోట పనిచేయడం. చట్టంలో అటువంటి వీసా లేదు. ‘ఖల్లివల్లి’ అయ్యాడంటే యజమానిని వదిలి, కాగితాలు లేకుండా బయట పనిచేస్తున్నాడని అర్థం. ఒక పరిశోధక విద్యార్థి నన్ను అడగడానికి వచ్చి, ‘మీరు అక్రమ వలసదారుగా ఎంతకాలం ఉన్నారు?’ అని మొదటి ప్రశ్న వేశారు. ఆ తర్వాత నేను నిజం చెప్పలేకపోయాను. యజమాని నా అకామాను, అంటే అక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే అనుమతి కార్డును, రెన్యువల్ చేయలేదు. నేను తప్పు చేసినవాడినని ఆ ప్రశ్న ముందే తేల్చేసింది.

మూడోది, ఏజెంటు పేరు ఎవరూ చెప్పరు. అతను సాధారణంగా మేనమామ గానీ, పక్కింటివాడు గానీ అయి ఉంటాడు. పేరు అడగకుండా ఎంత కట్టారు, రసీదు ఇచ్చారా, ఏ పని అని చెప్పారు, వెళ్లాక ఏ పని ఇచ్చారు అని అడిగితే చెబుతారు.

చదువుకున్నవారు మాకు ఎందుకు కావాలో కూడా చెప్పాలి. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ దేశాలకు వెళ్లేవారి కనీస సిఫారసు వేతనాలను, అంటే ఇంతకు తక్కువ జీతానికి పంపకూడదని తానే పెట్టిన హద్దును, తగ్గించింది. ఆ సర్క్యులర్లు ఎవరో శ్రద్ధగా చదివారు కాబట్టి, దాని ప్రభావం ఎంతో లెక్కగట్టి తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు కాబట్టి, 2021 జులైలో పాత వేతనాలు తిరిగి వచ్చాయి. అప్పుడు నేను అక్కడే ఉన్నాను; మా క్యాంపులో ఆ సర్క్యులర్ సంగతి ఒక్కరికీ తెలియదు. మా జీతం మీద నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంటే దాన్ని చదివి, మా భాషలో మాకు చెప్పగలిగినవారు ప్రతి మండలానికీ ఒక్కరైనా ఉండాలి.

మానేరుతీరం

ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. అకామా గారూ, మా ఫిర్యాదు ఫారంలో మొదటి గడి ‘ఏజెంటు పేరు’ అనే ఉంది. చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసి, మిగిలినవి కూడా సరిగా చెప్పకుండా వెళ్లిపోవడానికి కారణం ఈరోజు అర్థమైంది. దాన్ని రేపే తీసేస్తాను.

లెక్కలపంతులు గారూ, ఉద్యోగం వదలి రెండేళ్లు ముంబయి వెళ్లగల పరిస్థితి ఇంట్లో ఇప్పుడు లేదు. మా సంస్థలో నాలుగేళ్ల కేసుల రిజిస్టరు ఉంది, చేతితో రాసినది, మూడు వందలకు పైగా కుటుంబాలవి. దీన్ని సమాచారంగా మార్చి, దాని మీద పనిచేస్తూ గణాంకాలు నేర్చుకోవడం సాధ్యమేనా? అందులో పాస్‌పోర్టు నంబర్లు, ఫోన్ నంబర్లు ఉన్నందువల్ల కొంత భయంగా ఉంది.

లెక్కలపంతులు

సాధ్యమే, నేర్చుకోవడానికి అదే మంచి దారి కూడా. కాకపోతే రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మీ రిజిస్టరులో ఉన్నవారంతా కష్టం వచ్చి మీ గడప తొక్కినవారు. క్షేమంగా వెళ్లి వచ్చినవారు, కష్టం వచ్చినా మీ దాకా రాలేనివారు అందులో లేరు. అందువల్ల ఏయే రకాల సమస్యలు వస్తున్నాయో దాన్నిబట్టి చెప్పవచ్చు గానీ, మీ జిల్లా వలసదారుల్లో నూటికి ఎంతమంది మోసపోయారో చెప్పకూడదు. ఆ రెండో ప్రశ్నకు రెండు ఊళ్లు ఎంచుకుని ప్రతి ఇంటికీ వెళ్లాలి. ఆరుగురు వలంటీర్లు ఉన్నారన్నారు కదా, వారి శిక్షణ, మీ చదువు అక్కడ ఒకే పని అవుతాయి.

పాస్‌పోర్టు నంబరు, ఫోను, పేరు వేరే పుస్తకంలో రాసి బీరువాలో పెట్టి తాళం వేయండి. విశ్లేషణ పట్టికలో ప్రతి కుటుంబానికీ ఒక వరుస సంఖ్య మాత్రమే ఉండాలి. ఆ పట్టికలో ఈసీఆర్ ముద్ర ఉందా, ఏ వీసా, ఎంత కట్టారు, రసీదు ఉందా, చెప్పిన పని, ఇచ్చిన పని, బీమా ఉందా అన్న గడులు పెట్టండి. తుంగభద్ర గారు చెప్పినట్టు బడి హాజరుపట్టీని, పాతఫైలు గారు చెప్పినట్టు భార్య చేసే పనిని కూడా చేర్చండి. పాత కేసులు వాడుకోవడానికి ఆయా కుటుంబాలను మళ్లీ అడిగి అంగీకారం తీసుకోండి, వద్దన్నవారిని వదిలేయండి.

ప్రశ్నల పత్రం తయారయ్యాక ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. దాన్ని అచ్చు వేయించకముందు ఐదు ఇళ్లలో మీరే అడిగి చూసి, ఏ ప్రశ్న దగ్గర జనం ఆగిపోయారో, ఏ ప్రశ్నకు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారో పక్కన రాసి పంపండి.